సెలవులకు వెళ్ళిన సరిహద్దు

ఎర్రకొండ అడవిలో మూడు రోజులుగా చెంగమ్మ కుందేలు బొరియ ముందు ఒకటే హడావిడి. వాగు అవతలి అడవిలో, అంటే పరదేశంలో, గుడారం వేసుకుని నాలుగు రోజులు ఉండి రావాలని ఇంటిల్లిపాదీ తీర్మానించుకున్నారు. గుడారానికి అడ్డాకులు కుట్టడం అయిపోయింది. ఇక మూటలు కట్టాలి.

"దుంపలు ఎన్ని ఉన్నాయి?" అంది చెంగమ్మ.

"పదకొండు. దోవలో ఒకటి తిన్నా," అన్నాడు ఆమె మొగుడు దూదయ్య.

"ఇంకా దోవ పట్టందే?"

"ప్రయాణం ఊహించుకుంటే ఆకలేసింది మరి."

పిల్లలు ముగ్గురూ పొట్టలు పట్టుకుని నవ్వారు. చెంగమ్మకూ నవ్వొచ్చింది. ఆమె పుట్టింది అవతలి గట్టు మీద అడవి మామిడి కింద. ఆ చోటు పిల్లలకు చూపించాలని ఎన్నాళ్ళ నుంచో ఆశ. ఆమె పుట్టినప్పుడు వాగుకు రెండు గట్లే ఉండేవి, రెండు దేశాలు లేవు.

దేశాలు నక్క గుర్నాథం వచ్చాక పుట్టాయి. ఆయన రోజూ పొద్దున్నే రేవులో కాలెత్తి, రెండు రాళ్ళ మధ్య మట్టి తడిపి, "ఇదే సరిహద్దు, దాటాలంటే నా చీటీ ఉండాలి" అని చాటించాడు. కాపలాకి ఎలుగుబంటిని పెట్టాడు. నేలను ఎవడూ పుట్టించలేదు, అయినా ఒకడు తడిపేసరికి అది వాడిదైపోయింది. అడవంతా తలవంచుకుని వరసలో నిలబడింది. అన్యాయం నిలబడేది నక్క బలంతో కాదు, ఆ వరసతో.

చెంగమ్మ కూడా నిలబడింది. గుర్నాథం మీసం దువ్వుకున్నాడు.

"కుటుంబంతో విహారమా? చాలా సంతోషం అమ్మాయ్. చీటీ ఇస్తాను. కానీ మీరు తిరిగొస్తారని నాకు నమ్మకం ఏంటి? చిన్నవాణ్ణి నా దగ్గర హామీగా ఉంచి వెళ్ళు."

"పోకన్ననా? వాడింకా పోకచెక్కంత లేడు!"

"అందుకే అడిగాను. పెద్దగా చోటు పట్టడు." నక్క పెదవులు తడుపుకున్నాడు.

చెంగమ్మ చెవుల దాకా మంట ఎక్కింది. అయినా, "రేపు తీసుకొస్తా బాబయ్యా" అని వచ్చేసింది.

"మానేద్దామే," అన్నాడు దూదయ్య. "ఇంటి ముందే గుడారం వేసుకుందాం. గడ్డి ఎక్కడైనా గడ్డే."

"ఇవాళ విహారం మానుకోమంటాడు, రేపు మేత మానుకోమంటాడు. ఆగు, కాపలావాణ్ణి ఒక మాట అడిగొస్తా."

ఎలుగుబంటి రేవు ఒడ్డున చెదలపుట్ట తవ్వుకుంటున్నాడు. మంచివాడే. చెప్పిన పని చెప్పినట్టు చేయడం ఒక్కటే అతని జబ్బు.

"ఎలుగన్నా, గీత ఎక్కడుందో నీకెలా తెలుస్తుంది?"

"నాకు కళ్ళు ఆనవు తల్లీ, అంతా ముక్కే. గుర్నాథం తడిపిన వాసన ఎక్కడుంటే అక్కడే గీత. దానికి ఇవతల ఉన్నవాళ్ళ జోలికి పోను. చీటీ లేకుండా దాటినవాణ్ణి వదలను."

"ఎవరైనా సరేనా?"

"ఎవరైనా సరే. అదే నా ఉద్యోగం."

చెంగమ్మ గంతులేసుకుంటూ ఇంటికొచ్చింది.

మర్నాడు పొద్దున్నే గుర్నాథం మట్టి తడిపి కునుకు తీయడానికి పోగానే, కుందేళ్ళు రేవులో దిగాయి. ఆ తడిమట్టి మొత్తం గోకి ఒక అడ్డాకులోకి ఎత్తాయి. మిగిలిన మరకను వాగునీళ్ళతో కడిగేశాయి. దూదయ్య ముక్కు ముడుచుకుని ఆకు పట్టుకుని ముందు నడిచాడు. అతని వెనక చెంగమ్మ, ఆమె వెనక పిల్లలు, మూటలు, గుడారం.

ఎలుగుబంటి ముక్కు ఎగబీల్చాడు. "ఇదేంటమ్మా, గీత నడుస్తోందే!"

"నడవనీ అన్నా. మేం దాటామా?"

"దాటలేదు. అది మీకు ముందే ఉంది."

"మరి నువ్వు?"

"గీత ఎక్కడుంటే నా కాపలా అక్కడ," అంటూ అతనూ నీళ్ళలోకి దిగి వెంట నడిచాడు. పోకన్న అలిసిపోతే వీపు మీద ఎక్కించుకున్నాడు కూడా.

అడవి మామిడి కింద గుడారం వేశారు. దుంపలు పరిచారు. అంతలో రాలిన మామిడి పూత మీది తేనెటీగల్ని చెదరగొడుతూ గుర్నాథం ఊడిపడ్డాడు.

"నా సరిహద్దు! దొంగల్లారా, ఇటివ్వండి!"

"ఇదుగో బాబయ్యా," అని దూదయ్య ఆకు చాచాడు. నక్క ఎగిరి దూకాడు. దూదయ్య ఆకు నేల మీద వదిలేసి తలవంచాడు. నక్క ఆకు మీదుగా వెళ్ళి అవతల తుప్పలో పడ్డాడు.

ఎలుగుబంటి లేచి నిలబడ్డాడు. "గీత దాటావు. చీటీ ఏది?"

"ఒరే, చీటీలిచ్చేది నేనేరా! గీత గీసింది నేనేరా!"

"గీసినవాడు దాటొచ్చని చెప్పలేదే నువ్వు. ఇటు రావాలన్నా చీటీ కావాలి. పిల్లనో పిల్లవాడినో హామీ పెట్టి రా."

"నాకు పెళ్ళే కాలేదురా!"

"అయితే అక్కడే ఉండు."

నక్క ఒక అడుగు ముందుకేశాడు. ఎలుగుబంటి పంజా చూశాడు. రెండడుగులు వెనక్కేశాడు. అలా వెనక్కి వేస్తూ వేస్తూ, దేశం మొత్తం దాటి మరో దేశంలో పడ్డాడని తర్వాత కొంగలు చెప్పాయి.

గుడారం దగ్గర ఎలుగన్నకు దుంప పెట్టారు. తేనె లేదని అతను కొంచెం గొణిగాడు గానీ రెండోది అడిగి తిన్నాడు. చెంగమ్మ మామిడి వేరు మీద కూర్చుని, తాను పుట్టిన చిన్న గుంటను పిల్లలకు చూపించింది. పోకన్న అందులో ముడుచుకుని పడుకుని, "అమ్మా, నాకు సరిపోయింది!" అని అరిచాడు.

నీతి: నలుగురి దారికి అడ్డంగా గీత గీసేవాడు, తాను ఏ వైపు మిగిలిపోతాడో ముందే చూసుకోవాలి.