చిలకలకన్నా ముందు నవ్విన రాకుమారుడు

అనగనగా ఒక రాజు. ఆయనకు విజయకేతుడని ఒక్కగానొక్క కొడుకు. రేపు పెళ్లనగా పెళ్లికూతురు కువలయను వక్రనాసుడనే మాంత్రికుడు ఎత్తుకుపోయాడు. రాకుమారుడు గుర్రమెక్కాడు, ఓడెక్కాడు, గండభేరుండం మీద ఏడు సముద్రాలూ దాటాడు. తీరా మాంత్రికుడి కోట కింద నిలబడి "కువలయా!" అని పిలిస్తే, కిటికీలోంచి ఆమె ఎవరో కొత్తవాణ్ణి చూసినట్టు చూసింది. అతని ప్రాణం ఉసూరుమంది.

తోటలో చిలకలున్నాయి. మాంత్రికుడి ప్రాణం వీటిలోనే ఉంటుందని మనవాడు ఒక ముసలి చిలకను పట్టుకున్నాడు.

"వదులు నాయనా! ఆయన ప్రాణం మాలో లేదు, ఆయన కల్పించిన భాషలో ఉంది. ఆ పిల్ల నోరు కట్టేసి, ఆ భాష తప్ప ఇంకోటి అర్థం కాకుండా చేశాడు. ఆ భాషలో మేం ఆయన అన్నవే అంటాం. ఆయన ఎన్నడూ అనని మాట ఎవరైనా తప్పు లేకుండా అంటే ఆయన చస్తాడు. తప్పు పోతే, అన్నది మనిషైతే రాయైపోతాడు" అంది చిలక.

"అయితే ఆ భాష సూత్రాలు చెప్పు."

"సూత్రాలా? మాకేం తెలుసు? మాట్లాడతామంతే!"

రాకుమారుడు చదువుకున్నవాడు కదా, ఊరుకుంటాడా? విన్నదల్లా తాటాకులమీద రాసి, సూత్రాలు కట్టి చిలకలకు వినిపించాడు. నవ్వాయి. మళ్లీ రాశాడు. మళ్లీ నవ్వాయి. మూడోసారీ నవ్వేసరికి తాటాకులన్నీ సముద్రంలో పారేశాడు.

ఆ తర్వాత ఏమీ రాయలేదు. చిలకలకు కొర్రలు వేస్తూ, వాటి కబుర్లు వింటూ, కిటికీకేసి చూస్తూ కూర్చున్నాడు. ఆమె జుట్టు ఆరబెట్టుకునేటప్పుడు చెయ్యి మాత్రం కనిపించేది. దానికోసం రోజంతా కాచుకునేవాడు. ఇలా మూడేళ్లు గడిచాయి.

ఒకనాడు ఒక చిలకపిల్ల ఏదో కూసింది. చిలకలకన్నా ముందు రాకుమారుడు నవ్వాడు.

"ఎందుకు నవ్వావు?" అంది ముసలి చిలక.

"ఏమో! ఆ మాట అలా అనరు."

"ఎందుకనరు?"

"ఎందుకో తెలీదు. అనరంతే!"

"ఇంకా ఇక్కడే కూర్చున్నావేం? వెళ్లు!" అంది చిలక.

రాకుమారుడు కిటికీ కిందికి పరుగెత్తాడు. ఏ సూత్రమూ తలుచుకోలేదు, ఆమెనే తలుచుకున్నాడు. "నిన్ను చూడకుండా ఉండలేకపోతున్నాను. మనింటికి పోదాం రా" అని ఆ భాషలో అనేశాడు.

మాంత్రికుడు ఎవర్నీ అలా పిలిచి ఎరగడు. కోటలో దబ్బున కూలాడు. కువలయ నోటికట్టు విడిపోయింది. అచ్చం మన తెలుగులో, ఏడుస్తూ, "ఇన్నాళ్లా రావడానికి?" అంది.

ఇంటికి రాగానే పెళ్లి జరిగింది. అరవై ఏళ్లు రాజ్యం చేశారు. ఒక్క పూటైనా విడివిడిగా భోంచెయ్యలేదంటే నమ్మండి.