రెప్పపాటులో అందుకునే తీగ

ముమ్మిడివరంలో తెలివి ఎక్కడుందని ఎవరైనా అడిగితే గవర్రాజు తన ఇంటివైపు వేలు చూపించేవాడు. తమ్ముడు పల్లంరాజు కూడా అటే చూపించేవాడు, కాకపోతే అందులో సగం తనదనేవాడు. గవర్రాజు భార్య చిలకమ్మ మాత్రం ఆ ఇద్దరికీ అన్నంతోపాటు తెలివి కూడా తనే వడ్డిస్తున్నానని చెప్పుకునేది.

ఊళ్ళో ఇంటర్నెట్ ఇచ్చేది వీళ్ళే. ఆఫీసు నుంచి బజారుకి రెండు తీగలు. ఒకటి పనిచేస్తుంది, రెండోది ఊరికే ఉంటుంది. మొదటిది తెగితే రెండోది అందుకోవాలి. అందుకునేది గానీ, అర నిమిషం పట్టేది. బజారులో బట్టలు కుట్టే తాయారుకి ఆ అర నిమిషమే ప్రాణం మీదికొచ్చింది. ఆవిడ ఇంటర్నెట్‌లో చదరంగం ఆడుతుంది, గబగబా ఎత్తులు వేసే ఆట. లైను తిరిగొచ్చేలోపు గడియారంలో టైము అయిపోయి ఓడిపోతోంది. ఆదివారం ఫైనల్లో కూడా ఆగిందంటే మర్యాదగా ఉండదని చెప్పి వెళ్ళింది.

గవర్రాజు కాకినాడలో ఇంజనీరు ప్రభావతి గారికి ఫోన్ చేశాడు. తీగ తెగితే స్విచ్చి పెట్టె వెంటనే దారి ఇవ్వదని, కాసేపు వింటుందని, కాసేపు నేర్చుకుంటుందని, అప్పుడే రెండో తీగ తెరుస్తుందని, ఆ ఆలస్యం తగ్గించడానికి శనివారం వస్తానని ఆవిడ చెప్పారు.

ఇంకేముంది, ముందే నేర్పేస్తే పోలా అంది చిలకమ్మ. పెట్టె ముందు పీట వేసుకుని అ ఆల నుంచి గుణింతాల దాకా చెప్పింది. పల్లంరాజు తీగ పీకి చూశాడు. అదే అర నిమిషం. దీనికింకా ఒత్తులు రాలేదంది చిలకమ్మ.

అయితే రెండు తీగలూ ఎప్పుడూ తెరిచే ఉంచుదామా అని గవర్రాజు మళ్ళీ ఫోన్ చేశాడు. వద్దు, రెండూ ఒకేసారి తెరుచుకోకుండా పెట్టెలో కాపలా ఉంది, అది లేకపోతే కబురు గుండ్రంగా తిరిగి తిరిగి తుఫాను లేస్తుందన్నారావిడ. తుఫానంటే కోనసీమ వాళ్ళకి కొత్తా? పైకప్పు రేకులు తాళ్ళతో కట్టారు, వడియాలు లోపల పెట్టారు, పక్కింటివాళ్ళ చేత గేదెని విప్పించారు. ఆపైన పెట్టెలో ఆ కాపలా ఆపేసి రెండూ తెరిచారు. అంతే, ఊరంతా ఇంటర్నెట్ బిగుసుకుపోయింది. గవర్రాజు వీధిలోకెళ్ళి ఆకాశం చూశాడు. చినుకు లేదు. అంత చదువుకున్న మనిషి అబద్ధమాడిందని బాధపడ్డాడు.

సంగతి తెలిసి ఆవిడే ఫోన్ చేశారు. కాపలా మళ్ళీ పెట్టించి, ఊళ్ళో పెట్టెలన్నీ ఒక చెట్టులా అల్లుకుని ఉంటాయి, మీ ఆఫీసులోదే ఆ చెట్టుకి వేరు, దాన్ని జాగ్రత్తగా చూసుకోండి చాలన్నారు. చిలకమ్మ బిందెడు నీళ్ళలో వేపపిండి కలిపింది. పోయడానికి వీలుగా బెజ్జాలు కూడా పెట్టారు, ఎంత ముందుచూపో అని మెచ్చుకుంటూ పోసింది. పెట్టె చిటపటమని ఊరుకుంది.

శనివారం ప్రభావతి గారు వచ్చారు. పాతపెట్టెలో వేపపిండి చూశారు, దాన్ని విప్పి పక్కన పెట్టారు. కొత్తపెట్టె బిగించి, సర్దాల్సినవన్నీ సర్ది చెప్పారు. "ఇక తీగ తెగితే రెండోది రెప్పపాటులో అందుకుంటుంది. మీరు చేయాల్సింది ఒక్కటే, ఏమీ చేయకపోవడం."

ఆదివారం ఫైనల్ మధ్యలో కొబ్బరికాయల లారీ మొదటి తీగని లాక్కుపోయింది. పెట్టె మీద ఒక దీపం ఆరింది, ఇంకోటి వెలిగింది. తాయారుకి తెలియను కూడా లేదు, ఎత్తు మీద ఎత్తు వేస్తోంది.

"చూశావా?" అన్నాడు గవర్రాజు.

"రెప్ప వేశానన్నయ్యా."

గవర్రాజూ వేశాడు. ఇంత కష్టపడి అసలు సంగతి చూడకపోతే ఎలా? ఇద్దరూ రెప్పలు వేళ్ళతో పైకి లాగి పట్టుకుని, చిలకమ్మ చేత రెండో తీగ కూడా కోయించారు.

తాయారు అప్పుడు గెలిచే ఎత్తు వేయబోతోంది. కాసేపటికి చేతిలో కత్తెరతో వచ్చి గుమ్మంలో నిలబడింది. అన్నదమ్ముల కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి.

"కాస్త వెలుతురుకి అడ్డు తప్పుకోండి తాయారుగారూ," అన్నాడు గవర్రాజు. "మూడోది ఇప్పుడే అందుకుంటుంది. ఈసారి మాత్రం రెప్ప వెయ్యం."