కడిగిన రెక్కలు

మూలవాగు అడవిలో జంతువులన్నీ ఇటుక ఇళ్లలో కులాసాగా ఉండేవి, దగ్గుతూ ఉండేవి. వానలకు బొరియలు కూలిపోతున్నాయని గోల పెడితే నక్క జగ్గయ్య ఇటుక బట్టీ పెట్టాడు. ఊక దూరం నుంచి తెచ్చుకోవాలని బద్ధకించి, దగ్గర్లో దొరికే పాత టైర్లే కాల్చాడు. ఇళ్లు లేచాయి, పొగా లేచింది. ఆ పొగకి తాళలేక కొంగల మంద మొత్తం అడవి విడిచి వెళ్లిపోయింది.

సుద్దమ్మ ఒక్కతే మిగిలింది. ఆమెకు రెక్క విరిగి అతుక్కుంది కానీ దూరం ఎగరలేదు. "గాలి బాగుపడ్డాక కబురు పంపవే, వచ్చేస్తాం" అని వాళ్లక్క పాలమ్మ చెప్పి వెళ్లింది. అప్పట్నుంచీ సుద్దమ్మకు మాట్లాడే తోడే లేదు. వాగు గట్టున పీత కనిపిస్తే దానికే తన బాధంతా చెప్పుకునేది. పీత వింటున్నట్టే ఉండి బొక్కలోకి దూరిపోయేది.

ఇలాంటి పొగ ఒక్క మూలవాగులోనే కాదు, ఖండమంతా ఉంది. ఒక అడవి పొగ పక్క అడవి పిల్లల ఊపిరి తీస్తోందని అడవులన్నీ కూర్చుని ఓ కట్టుబాటు చేసుకున్నాయి. ఎవరి పొగ వాళ్లు తగ్గించుకోవాలి. తగ్గిందో లేదో చూడ్డానికి ప్రతి అడవిలో ఒక తెల్లకొంగ తెల్లారినప్పట్నుంచీ పొద్దుగూకేదాకా బండ మీద నిలబడాలి. సాయంత్రం వలస బాతు వచ్చి రెక్క చూస్తుంది. నల్లబడితే బట్టీ ఆర్పెయ్యాలి. తెల్లగా ఉంటే ఆ అడవి బాగుందని బాతు ఖండమంతా తిరిగి చెబుతుంది.

మూలవాగులో ఉన్నది ఒకే కొంగ. పరీక్ష ముందు రోజు జగ్గయ్య తోక ఊపుకుంటూ వచ్చాడు.

"ఏం సుద్దమ్మత్తా, ఒక్కదానివే కూర్చున్నావు?"

"అందరూ వెళ్లిపోయాక ఇంకెవరున్నారులే."

"అదే నా బాధ కూడా. రేపు నీ రెక్క నల్లబడిందనుకో, నా బట్టీ పోతుంది. సరే, నా సంగతి వదిలెయ్. ఆ కబురు వింటే మీ అక్క మళ్లీ ఇటు తొంగి చూస్తుందా?"

సుద్దమ్మ అతని వైపు తిరిగింది. "మరి టైర్లు ఆపరాదూ?"

"ఆపుతాలే, మెల్లగా. రేపటికి మాత్రం మన కరియప్ప తొండంతో నీ మీద నీళ్లు చల్లుతూ ఉంటాడు. నువ్వు ఊరికే నిలబడు. నోరు విప్పి అబద్ధం చెప్పే పని కూడా లేదు."

"ఇది మోసం జగ్గయ్యా."

"పీతతో ముచ్చట్లు చెప్పుకునే బతుకు కంటేనా, అత్తా?"

సుద్దమ్మ తల దించుకుంది. కాదనలేదు. జగ్గయ్యకి అంతే చాలు.

మర్నాడు ఏనుగు కరియప్ప వాగులోంచి నీళ్లు పీల్చుకొచ్చి పొద్దుటినుంచీ చల్లాడు. పాపం, నోట్లో నాలుక లేనివాడు. మధ్యాహ్నానికి వాడికే మనసొప్పలేదు. "వదినా, ఇది తప్పేమో."

"చల్లు కరియప్పా," అంది సుద్దమ్మ, రెండో రెక్క ఎత్తి పట్టుకుని.

సాయంత్రం బాతు వచ్చేసరికి రెక్కలు ఆరి తళతళలాడుతున్నాయి. బాతు అటూ ఇటూ తిప్పి చూసింది. "నేను తిరిగిన అడవుల్లో ఇంత తెలుపు చూడలేదమ్మా. దగ్గూ గట్రా ఏమైనా ఉందా?"

సుద్దమ్మకి అప్పుడే గొంతులో దగ్గు తన్నుకొస్తోంది. మింగేసింది. "లేదు. గాలి బాగానే ఉంది."

కబురందుకుని కొంగలు వచ్చేశాయి. వాగు పొడుగునా చెట్లన్నీ తెల్లబడ్డాయి. "ఎంత చిక్కిపోయావే" అంటూ పాలమ్మ చెల్లెలి మెడ నిమిరింది. సుద్దమ్మ ఆ రోజంతా నోరు మూయలేదు. అక్క పిల్లల్ని ఒక్కో చెట్టు దగ్గరికీ తిప్పి అన్నీ చూపించింది. ఇంత సంతోషం తనకు రాసిపెట్టి ఉందా అనుకుంది.

సాయంత్రానికి గాలి తిరిగింది. బట్టీ పొగ వాగు మీదికి దిగింది. చూస్తుండగానే మందంతా మసిబారింది. పాలమ్మ చిన్నపిల్ల దగ్గీ దగ్గీ కొమ్మ మీంచి జారిపోబోతే పాలమ్మ రెక్క అడ్డం పెట్టింది.

మందని దిగబెట్టడానికి వచ్చిన బాతు అక్కడే ఉంది. జగ్గయ్య కంగారుగా పరిగెత్తుకొచ్చాడు. "కరియప్పా, నీళ్లు చల్లరా!"

"ఇంతమంది మీద ఎక్కడ చల్లను మామా? నాకున్నది ఒక్క తొండం," అన్నాడు కరియప్ప. వెళ్లి ఆ నీళ్లేవో బట్టీలోనే పోశాడు. బాతు దగ్గరుండి పోయించింది. అంత తెలివైన జగ్గయ్య ఒక్క కొంగని కడిగి ఖండాన్ని నమ్మించి, వెళ్లిపోయిన కొంగలన్నిటినీ తానే సాక్ష్యానికి పిలుచుకున్నాడు. చల్లారిన బట్టీ ముందు తల వేలాడేసుకుని కూర్చున్నాడు.

తెల్లారేసరికి మంద ప్రయాణం కట్టింది. సుద్దమ్మ అక్కకి అడ్డం పడింది.

"బట్టీ ఆర్పేశారక్కా. ఇక పొగ రాదు. గాలి బాగుంటుంది, ఉండిపో."

"బాగుంటుందని ఎవరు చెప్పారే?"

"నేను చెబుతున్నానుగా."

పాలమ్మ చెల్లెలి ముఖంలోకి చూసింది. దగ్గుతున్న పిల్లని ముందు ఎగరనిచ్చి, దాని వెనకే తనూ ఎగిరిపోయింది. సుద్దమ్మ వాగు మలుపు దాకా వెంటపడింది. అక్కడితో రెక్క సహకరించలేదు.

వానలు పడేసరికి మూలవాగు గాలి నిజంగానే బాగుపడింది. ఆకుల మీద మసి కడుక్కుపోయింది. దారిన పోతున్న బాతుని సుద్దమ్మ ఆపింది. "మా అక్కకి చెప్పమ్మా, ఇప్పుడు నిజంగా బాగుందని."

"నేనూ చూస్తున్నాను, బాగానే ఉంది," అంది బాతు. "కానీ నీ పేరు చెబితే వినరమ్మా."

గాలిని బాగుచెయ్యకుండా సాక్షిని కడిగితే, గాలి బాగుపడిన రోజున ఆ మాట నమ్మేవాళ్లు ఉండరు.