గాడిద జోకు

స్పెయిన్ కొండల్లోని ఆ చిన్న మఠానికి వచ్చి ఆరు నెలలైనా, కుర్ర సన్యాసి ఇసిద్రోతో ఊరివాళ్ళెవరూ నాలుగు మాటలు మాట్లాడరు. శనివారం శనివారం గుమ్మం దగ్గర రొట్టెలు పంచే పని అతనిదే. రొట్టె తీసుకుంటారు, దండం పెడతారు, వెళ్ళిపోతారు.

"నన్ను పట్నానికి పంపెయ్యండి ఫాదర్. ఇక్కడ నేనెవరికీ అక్కర్లేదు," అన్నాడు ముసలి గురువు తదేయోతో.

"ఈ శనివారం నేనూ వచ్చి కూర్చుంటాను," అన్నాడాయన.

ఆ రోజు అందరికంటే ముందు మేకలు కాసే బసీలియో వచ్చాడు. మాటల్ని మెలితిప్పి నవ్వించడం ఆ ఊరివాళ్ళకి వెన్నతో పెట్టిన విద్య. అయినా జోకు ఊరికే మొదలుపెట్టరు, ముందు అడుగుతారు.

"నత్త జోకు తెలుసా బ్రదర్?"

"తెలుసు," అన్నాడు ఇసిద్రో. నిజంగానే తెలుసు. పట్నంలో చదువుకునేటప్పుడు ఇలాంటివన్నీ నోట్సు రాసుకున్నాడు మహానుభావుడు.

బసీలియో టోపీ సర్దుకుని రొట్టె అందుకున్నాడు.

"ఏ నత్త?" అన్నాడు తదేయో, బల్ల మీద పక్కకి జరుగుతూ.

బసీలియో వచ్చి కూర్చున్నాడు. నత్త కథ పావుగంట నడిచింది. మధ్యలో ఇద్దరు ఆడవాళ్ళు ఆగి, ముగింపు అది కాదని దెబ్బలాడి, తమ ముగింపు తాము చెప్పారు. తదేయో కళ్ళు తుడుచుకునేదాకా నవ్వాడు. నవ్వులు ఆగాక బసీలియో మెల్లగా, భార్య పోయాక ఇంట్లో పొయ్యి వెలిగించబుద్ధి కావడం లేదన్నాడు. ఆడవాళ్ళలో ఒకామె అతన్ని ఆ పూట భోజనానికి రమ్మంది.

అందరూ వెళ్ళాక ఇసిద్రో ఉండబట్టలేక అడిగాడు. "ఆ జోకు మీకు తెలీదా ఫాదర్?"

"నలభై ఏళ్ళుగా తెలుసు."

"మరి తెలుసని చెప్పలేదే?"

"అది ప్రశ్న కాదు నాయనా, అతను తలుపు తట్టాడు," అని తదేయో ఖాళీ బుట్ట తీసుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

మరుసటి శనివారం గుమ్మం దగ్గర ఇసిద్రో ఒక్కడే ఉన్నాడు. బసీలియో లోపలికి తొంగి చూశాడు. ముసలాయన కనబడలేదు. కాస్త తటపటాయించి, అలవాటు కొద్దీ అడిగాడు.

"గాడిద జోకు తెలుసా బ్రదర్?"

ఇసిద్రోకి అబద్ధమాడటం చేతకాదు.

"తెలుసు," అన్నాడు. బసీలియో చెయ్యి టోపీ మీదికి వెళ్ళింది.

"కానీ మీరు చెప్పగా వినలేదు," అని ఇసిద్రో బల్ల మీద పక్కకి జరిగాడు.