బొల్లి నూరిన కొమ్ము

ప్రాజెక్టు నీళ్ళు ఊరిని మింగినప్పుడు మనుషులు మంచాలూ మేకలూ బండ్లకెక్కించుకుని పోయారు. వట్టిపోయిన గేదెల్నీ, కాడికి పనికిరాని దున్నల్నీ గట్టుమీదే వదిలేశారు. వదిలేసినంత మాత్రాన అవి చావలేదు. ఒక మంద కట్టాయి, దూడల్ని కన్నాయి, తమకంటూ ఒక కట్టుబాటు పెట్టుకున్నాయి.

అదేమిటంటే, మధ్యాహ్నం బురదగుంటలోకి దిగేముందు ప్రతి గేదే గట్టుమీది బంకమట్టిలో కొమ్ములు గుచ్చి, మొనలకు చెరో ముద్ద తగిలించుకోవాలి. గుంట చిన్నది, మంద పెద్దది. ఒకదాని డొక్కకు ఒకటి ఆనుకుని పడుకోక తప్పదు. ఎవరైనా ఉలిక్కిపడి తల విసిరినా పక్కదానికి మట్టి అంటేదే తప్ప నెత్తురు వచ్చేది కాదు.

నుదుట తెల్లమచ్చ ఉన్న బొల్లికి లేకలేక ఒక దూడ పుట్టింది. అప్పట్నించీ ఆకు కదిలినా బొల్లి గుండె దడదడలాడేది. ఆ సంగతి నక్క కనిపెట్టింది.

"బొల్లక్కా, అవతలి గట్టుకి దుమ్ములగొండి వచ్చింది. లేగదూడల్నే ఏరుకుని తింటోంది."

"నువ్వు చూశావా నక్క బావా?"

"చూడకపోతే ఇంత ఎండలో పనిగట్టుకుని వస్తానా? ఒక్క మాట అడుగుతాను చెప్పు. అది కోరలకి మట్టి పూసుకుని వస్తుందా? మరి మీకెందుకమ్మా ఈ మర్యాదలు? అదిగో నల్లరాయి. కాస్త ఓపిగ్గా నూరితే నీ కొమ్ము బల్లెమవుతుంది."

"చెప్పినందుకు నీకేం కావాలి?"

"నాకేం వద్దు తల్లీ. పసివాళ్ళు చల్లగా ఉంటే అంతే చాలు."

మర్నాడు బొల్లి నల్లరాయి దగ్గరికి పోయింది. ఆ మందలో కొమ్ము నూరిన మొదటి గేదె అదే. "బిడ్డ తల్లిని, నాకీ మట్టిముద్దలు వద్దు" అని గట్టుమీద అందరి ముందూ తేల్చి చెప్పింది. తల్లి నోట ఆ మాట వచ్చాక కాదనేదెవరు? ముసలి కాటమ్మ ఒక్కతే నోరు విప్పింది.

"ఏమే బొల్లీ, గుంటలో పడుకునేది మనమేగా? దుమ్ములగొండి వచ్చి మన మధ్య పడుకుంటుందటే?"

"పళ్ళతో పాటు నీకు పౌరుషం కూడా ఊడిపోయింది అవ్వా!" అన్నాడు సింగడనే కుర్రదున్న. మంద పగలబడి నవ్వింది.

చూస్తుండగానే మట్టి పెట్టుకునేవాళ్ళు పిరికివాళ్ళ కింద లెక్కయిపోయారు. సింగడు నూరిన కొమ్ములు ఎండలో మెరిపించుకుంటూ ఈడొచ్చిన పడ్డల ముందు పచార్లు చేసేవాడు. కొమ్ములింకా మొలవని దూడలు కూడా ఒకదాని పొట్టలో ఒకటి పొడుచుకునే ఆటలు మొదలుపెట్టాయి. తల్లులు చూసి మురిసిపోయారు. బొల్లి కూడా మురిసింది. దుమ్ములగొండిని మాత్రం నక్క తప్ప ఎవరూ చూడలేదు.

ఒక మధ్యాహ్నం మందంతా గుంటలో కునుకు తీస్తుండగా గట్టుమీది తాటిచెట్టు నుంచి ఎండుమట్ట ఒకటి దబ్బున పడింది.

"వచ్చింది! వచ్చేసింది!" అని సింగడు అరిచాడు.

మంద ఒక్కసారిగా లేచి తలలు విసిరింది. బొల్లి దూడకు అడ్డం పడబోయింది. తిరిగే తొందరలో దాని కుడికొమ్ము దేనిలోనో మెత్తగా దిగింది.

గోల సద్దుమణిగాక చూస్తే తాటిమట్ట బురదలో పడి ఉంది. బొల్లి కాళ్ళ దగ్గర దూడ పడి ఉంది. పాపం, అమ్మా అని కూడా అనలేదు.

పరామర్శకు అందరికంటే ముందు నక్కే వచ్చింది. "ఎంత ఘోరం! దుమ్ములగొండి పారిపోతుంటే నా కళ్ళతో చూశాను."

"దుమ్ములగొండి కాదు, నా కొమ్మే," అంది బొల్లి. "ఇదిగో నెత్తురు. చూడండి."

ఎవరూ చూడలేదు. "కడుపుకోత. ఏం మాట్లాడుతోందో దానికే తెలీదు," అని గొణుక్కున్నారు.

"నాకు తెలుసు! రాయి దగ్గరికి ముందు పోయిన పాపిష్టిదాన్ని నేనే. మీ కాళ్ళు పట్టుకుంటాను, మీ దూడల కోసమైనా మట్టి పెట్టుకోండి."

సింగడు దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "పిన్నీ, ఊరుకో. నీ కొమ్మే అన్నావంటే రేపు అందరి కొమ్ముల్నీ అనుమానిస్తారు. చంపింది దుమ్ములగొండే. మన పదును చాలక తప్పించుకుంది, అంతే."

"బాగా చెప్పావు నాయనా," అంది నక్క. "ఇకనుంచి దూడలకి కొమ్ము మొలవగానే రాయి దగ్గరికి తోలుకురండి."

మంద నల్లరాయి వైపు కదిలింది. ఒంటరిగా ఉండిపోయే ధైర్యం లేక కాటమ్మ కూడా తలవంచుకుని వెనకే నడిచింది.

బొల్లి దూడను మూతితో గట్టుమీదికి నెట్టి, పక్కనే నిలబడింది. కాస్త ఎడంగా నక్క తోక చుట్టుకుని కూర్చుంది. బొల్లి ఉరికితే అది గెంతి అవతల పడేది, మళ్ళీ వచ్చి అక్కడే కూర్చునేది. అంత కష్టపడి నూరిన కొమ్ము దాని వెంట్రుకనైనా తాకలేదు. చివరికి ఆకలికి తాళలేక బొల్లి పచ్చికలోకి పోయి, నాలుగు పరకలు కొరికి వచ్చేసరికి దూడ లేదు.

నక్క నల్లరాయి దగ్గర ఉంది. పొట్ట గుండ్రంగా ఉంది.

"విన్నారా? ఆ దుమ్ములగొండి శవాన్ని కూడా వదల్లేదు! ఊఁ, ఆ మొన ఇంకాస్త నూరు తల్లీ, నీ బిడ్డ కోసమేగా," అంటోంది కొమ్ము నూరుతున్న ఒక గేదెతో.

దూడల్ని పక్కన పెట్టుకుని తల్లులు వరసలో నిలబడ్డారు.

భయపడి నూరిన కొమ్ము పగవాడికంటే ముందు పక్కలో పడుకున్నవాడిని పొడుస్తుంది, అది ఒప్పుకోలేని మందకు నక్కే పెద్దదిక్కు.