సింగమ్మ విత్తిన అడవి

ఎవరి ఏలుబడో గానీ, ఆ రాజ్యంలో బీడు పెట్టిన పొలాన్ని రాజు తీసేసుకునేవాడు. నిలిచిన పంటను మాత్రం, విత్తిన ఇంటివాళ్లు కోసేదాకా రాజైనా ముట్టకూడదు.

చెట్టన్నది లేని చేలో దున్నుతూ సింగమ్మ కొడుకు వడదెబ్బకు పోయాడు. అప్పట్నుంచి ఆమె జొన్న మానేసి, కొండ మీంచి ఇప్ప, మద్ది, తునికి గింజలు ఏరుకొచ్చి చల్లింది. ఏళ్లు గడిచి చేను అడవైంది. నెమళ్లు దిగాయి, తేనెపట్లు పట్టాయి.

ఒకనాడు రాజుగారి అధికారి పల్లకీలో వచ్చి ఇప్పచెట్టు నీడన కూర్చున్నాడు. చెమట తుడుచుకుంటూ, "బీడు పెట్టావు. రేపే ఇదంతా కొట్టించేస్తాం" అన్నాడు.

"బీడెక్కడ దొరా? నా చేత్తో విత్తిన పంట నిలిచే ఉంది కదా!"

"అయితే ఎప్పుడు కోస్తావు?"

"మా ఇంట విత్తడం నా పని, కోత నా కొడుకు పని. వాడొచ్చి కోస్తాడు."

"పిలువు వాణ్ణి!"

సింగమ్మ ఆ చెట్టు మొదట్లోనే రాళ్లు పేర్చిన దిబ్బను చూపించింది. "అక్కడే పడుకున్నాడు. నేను పిలిస్తే పలకడం లేదు, మీరు లేపండి దొరా."

కట్టుబాటు రాజుగారిదే. దాన్ని అధికారి దాటలేడు. లేచి పల్లకీ ఎక్కాడు.

అడవి నిలిచింది. కొడుకే లేచి గొడ్డలి పట్టుకొచ్చి ఒక్క చెట్టూ మిగల్చకుండా నరికేసినా బాగుండునని, సింగమ్మ దిబ్బ మీద తల పెట్టి ఏడ్చింది.