రాణిగారు కొరికిన జామపండు

ఏడు తరాల కిందటి మాట, పిల్లలూ. పాలవెల్లి దేశానికి ఒక రాజుండేవాడు. ఆ రాజుకి ముగ్గురు కొడుకులుండేవారు.

ఒకనాటి పొద్దున ఘోరదంతుడనే మాంత్రికుడు ఆకాశం నుంచి రాజుగారి తోటలోకి ధబీమని దిగాడు.

"రాజా! సింహాసనం దిగు. నేను కూర్చోవాలి!" అన్నాడు.

పెద్దవాడు కత్తి దూశాడు, చెట్టయిపోయాడు. నడిమివాడు ఈటె ఎత్తాడు, చెట్టయిపోయాడు. చిన్నవాడు విజయకేతు ఒట్టి చేతులతో మీదికి దూకాడు, అతనూ చెట్టయిపోయాడు. మూడు జామచెట్లు! చెట్టుకొక్క పండు!

"పున్నమిలోగా సింహాసనం ఇవ్వకపోతే వీళ్ల వేళ్లు పాతాళం దాకా దిగుతాయి. ఇక ఎప్పటికీ చెట్లే!" అని మాంత్రికుడు మాయమయ్యాడు.

రాజు కూలబడ్డాడు. అప్పుడు తోటమాలి కూతురు చెంగల్వ ముందుకొచ్చింది.

"ప్రభూ, వాడి పని పట్టడానికి నేను వెళతాను."

"కత్తి పట్టడం వచ్చా?" అని సేనాపతి నవ్వాడు.

"మంత్రం వచ్చా?" అని మంత్రి నవ్వాడు.

"దారైనా తెలుసటే నీకు?" అన్నాడు తండ్రి.

"ఏదీ తెలీదు నాన్నా. కానీ చెట్లయినవాళ్ల బాగోగులు తోటపనివాళ్లం మనం చూడక ఎవరు చూస్తారు?"

ఆ మాటకి కొలనులోని ముసలి తాబేలు తల పైకెత్తింది.

"భేష్ మనవరాలా! వాడి ప్రాణం ఏడు సముద్రాల అవతల, దీవిలో ఒక చిలకలో ఉంది. అక్కడ చిలకలు వెయ్యి! ఏదో మాత్రం నాకు తెలీదు."

"చిలకలకి ఏమిష్టం తాతా?"

"జామపండంటే పడిచస్తాయి. ఆ దీవిలో అది దొరకదు."

చెంగల్వ మూడు పండ్లూ కోసి ఒడిలో కట్టుకుంది. "నొప్పెడితే క్షమించండి దొరలూ!" అని తాబేలు వీపెక్కింది. ఒక సముద్రం దాటారు, రెండు దాటారు, మూడు దాటారు. ఏడో సముద్రంలో అలలు తాటిచెట్టంత! అదీ దాటారు.

దీవి నిండా చిలకలే! చెంగల్వ మొదటి పండు రాతి మీద పెట్టింది. ఒక చిలక వచ్చి కొట్టి ఎగిరిపోయింది. మిగతావి, "ఛీ, ఎంగిలి!" అని మూతి తిప్పుకున్నాయి. ఒక్క చిలక మాత్రం ఆగి ఆగి, అటూ ఇటూ చూసి, ఆ ఎంగిలి పండే తినేసి గుంపులో కలిసిపోయింది.

రెండో పండు పెట్టింది. మళ్లీ అంతే! ఎవరో కొట్టాక ఆ పిరికి చిలక వచ్చింది. చెంగల్వ దూకింది. చేతికి ఒక్క ఈక మిగిలింది!

"తాతా, తెలిసింది! ఇంకొకరు తిని బతికితేగాని ఇది తినదు. మాంత్రికుడి ప్రాణం కదా, విషమని భయం!"

"ఒక్క పండే ఉందే పిల్లా!"

చెంగల్వ ఆ పండు తానే కసుక్కున కొరికింది. నమిలి మింగింది. మిగిలింది అరచేతిలో పెట్టుకుని కదలకుండా కూర్చుంది. పిరికి చిలక దగ్గరకొచ్చింది, ఇంకా దగ్గరకొచ్చింది, చేతి మీద వాలింది. చెంగల్వ టక్కున పట్టేసింది!

మరుక్షణం ఘోరదంతుడు మెడ పట్టుకుని ఎదుట పడ్డాడు.

"అమ్మా, తల్లీ, వదిలెయ్!"

"నడు, మా దొరల్ని మనుషుల్ని చెయ్యి!"

పున్నమి పొద్దుటికి అందరూ తోటకి చేరారు. మాంత్రికుడు మంత్రం చదివాడు. ముగ్గురు రాకుమారులూ ఒళ్లు విరుచుకుని నిలబడ్డారు. ఆ సందట్లో వాడు రాజు మీదికి మంత్రదండం ఎత్తాడు. చెంగల్వ చిలక మెడ నులిమింది. వాడు బూడిదకుప్పయ్యాడు!

"నువ్వు కొరికింది నా పండే. తియ్యగా ఉందా?" అన్నాడు విజయకేతు.

"కాస్త వగరు."

"అయితే జన్మంతా భరించాలి మరి!"

వాళ్లకి పెళ్లి చేసి, అన్నలిద్దరూ సంతోషంగా ఒప్పుకోగా, రాజు ఆ జంటకే పట్టం కట్టాడు. చెంగల్వ కొరికిన పండు గింజలు తోటలో నాటింది. పదేళ్లకి అది పెద్ద జామతోటయింది. రాజూ రాణీ అరవై ఏళ్లు చల్లగా ఏలారు. వాళ్ల ఏలుబడిలో ఆ తోటకి వల కట్టలేదు, చిలకని తోలలేదు. పండ్ల కాలం వస్తే రాణిగారు తలుపులు బార్లా తెరిపించేవారు, ఊళ్లో పిల్లలంతా కొమ్మల మీదే ఉండేవారు.